ఆనవాలు - ముద్ర

మన ప్రాచీన సాహిత్యంలో 'అభిజ్ఞానం' అనే మాటకు విశిష్టమైన స్థానం ఉంది. అభిజ్ఞానం అంటే ఆనవాలు. మనిషిని గుర్తుపట్టడానికి ఆధారమైన వస్తువు. కాళిదాసు ఆ మాటను తన నాటకం పేరులోనే నిలిపాడు. దుష్యంతుడికి మరపున పడిన శకుంతలను తిరిగి జ్ఞప్తికి తెచ్చినది ఒక ఉంగరం. అశోకవనంలో సీతకు హనుమంతుని మీద నమ్మకం కలిగించినది రాముని అంగుళీయకం. సీత జీవించి ఉన్నదని రామునికి తెలిపినది చూడామణి. ఈ కథలన్నింటిలో ఆనవాలు చేసిన పని ఒక్కటే: విడిపోయినవారిని కలపడం.

ఆధునిక చరిత్రలో ఇందుకు పూర్తిగా విరుద్ధమైన ఆనవాళ్ళు కనిపిస్తాయి. కలిసి బ్రతుకుతున్నవారిని విడదీయడానికి, ఇరుగుపొరుగుల మధ్య గోడ కట్టడానికి ప్రభుత్వాలే మనుషులకు గుర్తులు పెట్టాయి. జర్మనీలో నాజీలు యూదులకు పెట్టిన గుర్తులు వాటిలో అతి క్రూరమైనవి. ఆ చరిత్రను తెలుసుకోవడం, దాని వెలుగులో మన నేల మీద జరిగిన మరొక చరిత్రను పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

కనిపించని భేదం

కొత్తవారు ఎదురైతే మన కోనసీమలో "ఏ ఊరండీ? ఎవరింటివారండీ?" అని పలకరించడం పరిపాటి. ఆ ప్రశ్న వెనుక చుట్టరికం కలుపుకోవాలన్న ఆదరం ఉండవచ్చు. ఒక్కొక్కప్పుడు ఎదుటివారి కులం తెలుసుకుని, దానికి తగినట్లు పీట వేయాలో వద్దో నిర్ణయించుకునే ఆలోచన కూడా ఉండవచ్చు. ఇదే ప్రశ్నను ప్రభుత్వం అడిగితే, సమాధానం చెప్పడం తప్పనిసరి అయితే, ఆ సమాధానాన్ని బట్టి ఉద్యోగం, ఇల్లు, చివరకు ప్రాణం ఆధారపడితే ఏమవుతుంది? జర్మనీలో జరిగినది అదే.

1933 జనవరి 30న హిట్లర్ జర్మనీకి ప్రధాని అయ్యాడు. అప్పటికి ఆ దేశంలో యూదులు సుమారు ఐదు లక్షలు. అంటే మొత్తం జనాభాలో నూటికి ఒక్కరు కూడా లేరు. వారు జర్మన్ భాషే మాట్లాడేవారు. వైద్యులుగా, న్యాయవాదులుగా, వర్తకులుగా, అధ్యాపకులుగా అందరి మధ్యనే జీవించేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ పక్షాన పోరాడి పతకాలు పొందినవారు కూడా వారిలో ఉన్నారు. వీధిలో నడిచే మనిషిని చూసి, ఇతడు యూదుడు, ఇతడు కాడు అని చెప్పడం చాలామంది విషయంలో సాధ్యమయ్యేది కాదు.

యూదులు వేరొక జాతి అనీ, వారి రక్తమే వేరనీ నాజీల వాదం. కాని రక్తంలో ఆ భేదాన్ని చూపించగల పరీక్ష ఏదీ లేదు. కాబట్టి 1935 సెప్టెంబరు 15న న్యూరెంబర్గ్ చట్టాలు చేసినవారు ఆ ఏడాది నవంబరులో వెలువరించిన నిర్వచనానికి మరొక ఆధారాన్ని వెదికారు. తాతలు, అవ్వలు నలుగురిలో ముగ్గురు లేదా నలుగురు యూదులైతే ఆ వ్యక్తి యూదుడు. మరి ఆ తాతలు యూదులని తేలేది ఎట్లా? వారు యూదు మతసమాజంలో సభ్యులై ఉండడమే అందుకు నిదర్శనం. అంటే జాతిని గురించి చేసిన చట్టానికి మతమే సాక్ష్యమైంది. క్రైస్తవం స్వీకరించినవారు, ఏ మతాన్నీ పాటించనివారు సైతం తాతల మతాన్ని బట్టి యూదులుగా లెక్కకు వచ్చారు. ఆ వాదంలోని అసత్యం దాని నిర్వచనంలోనే బయటపడింది.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయాన్ని గ్రహించాలి. మనుషుల మధ్య భేదం సహజంగా కనిపించేదే అయితే దానికి బయటి నుంచి గుర్తు తగిలించవలసిన పని లేదు. భేదం కనిపించలేదు కనుకనే గుర్తు అవసరమైంది.

కాగితం మీది గుర్తు

నాజీల పీడన అనగానే పసుపుపచ్చని నక్షత్రం గుర్తుకు వస్తుంది. అయితే జర్మనీలో నక్షత్రం వచ్చింది 1941లో. అంతకు ముందు ఎనిమిదేళ్ళపాటు గుర్తులన్నీ కాగితాల మీదనే ఉన్నాయి.

1933 ఏప్రిల్ 7న చేసిన చట్టం ద్వారా యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించడం మొదలైంది. ఉద్యోగం నిలుపుకోవాలంటే తాము యూదులము కామని నిరూపించుకునే పత్రాలు చూపాలి. వేలాది కుటుంబాలు తాతముత్తాతల జనన, వివాహ పత్రాల కోసం చర్చిల చుట్టూ, కచేరీల చుట్టూ తిరిగాయి. అంతవరకు పెళ్ళికో, వారసత్వానికో మాత్రమే పనికివచ్చిన పాత దస్తావేజులు మనిషి విలువను నిర్ణయించే ఆధారాలయ్యాయి.

1933 జూన్‌లోను, 1939 మే నెలలోను జనాభా లెక్కలు తీశారు. 1939 లెక్కల్లో ఒక ప్రత్యేక పత్రం మీద ప్రతి వ్యక్తి తాతలు, అవ్వల వివరాలు అడిగారు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో అట్టముక్కలకు రంధ్రాలు చేసి, వాటిని వేగంగా వేరు చేసే హోలరిత్ యంత్రాలు ఉండేవి. వాటిని సమకూర్చినది డెహోమాగ్. అది అమెరికాకు చెందిన ఐ.బి.ఎం. సంస్థకు జర్మనీలోని శాఖ. యంత్రానికి ద్వేషం లేదు. అయితే ద్వేషం ఉన్నవాడి చేతిలో అది మంచి పనిముట్టు అయింది.

1938లో ఈ గుర్తులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఏప్రిల్‌లో, ఐదువేల మార్కులకు మించిన ఆస్తి గల యూదులు దాని వివరాలు దాఖలు చేయాలన్నారు. జూలైలో యూదులకు ప్రత్యేక గుర్తింపు కార్డులు నిర్ణయించారు. ఆగస్టులో పేర్ల మీద ఉత్తరువు వచ్చింది. ప్రభుత్వం ఆమోదించిన యూదు పేర్ల జాబితాలో లేని పేరు గల పురుషుడు 'ఇజ్రాయెల్' అనీ, స్త్రీ 'సారా' అనీ తమ పేరుకు చేర్చుకోవాలి. 1939 జనవరి 1 నుంచి ఇది అమలులోకి వచ్చింది. తల్లిదండ్రులు ముద్దుగా పెట్టుకున్న పేరులో ప్రభుత్వం చొరబడింది. 1938 అక్టోబరు 5న యూదుల పాస్‌పోర్టులన్నీ రద్దయ్యాయి. 'జె' అనే ఎర్రని అక్షరం ముద్రించిన తరువాతనే అవి తిరిగి చెల్లుతాయి. దేశం విడిచిపోదామనుకున్నవారికి ఆ ఒక్క అక్షరం పరాయి దేశపు సరిహద్దు దగ్గర కూడా అడ్డుపడింది.

గుడ్డ మీది గుర్తు

దుస్తుల మీద గుర్తు పెట్టడం నాజీలు కనిపెట్టినది కాదు. యూదులు, ముస్లింలు దుస్తులను బట్టి క్రైస్తవుల నుంచి వేరుగా కనిపించాలని 1215లో రోమ్‌లో జరిగిన నాల్గవ లేటరన్ మతసభ నిర్ణయించింది. ఐరోపాలో కాలక్రమాన అంతరించిన ఆ మధ్యయుగపు ఆచారాన్ని నాజీలు తిరిగి లేపారు.

1939 సెప్టెంబరులో జర్మనీ పోలండును ఆక్రమించింది. ఆక్రమిత ప్రాంతానికి పాలకుడైన హాన్స్ ఫ్రాంక్ నవంబరు 23న ఒక ఆజ్ఞ జారీ చేశాడు. పదేళ్ళు దాటిన ప్రతి యూదుడు నీలిరంగు నక్షత్రం గల తెల్లని పట్టీని కుడిచేతికి ధరించాలి. జర్మనీలో 1941 సెప్టెంబరు 19 నుంచి ఆరేళ్ళు నిండిన ప్రతి యూదుడికీ నక్షత్రం తప్పనిసరి అయింది. అది అరచేయంత పసుపు గుడ్డ, నల్లని అంచు, మధ్యలో 'యూదుడు' అనే అర్థం గల 'యూడె' అన్న మాట. ఎడమవైపు రొమ్ము మీద గట్టిగా కుట్టుకోవాలి. ఆ గుడ్డముక్కకు వెల కూడా యూదులే చెల్లించవలసి వచ్చింది. 1942లో హాలెండ్, బెల్జియం, ఫ్రాన్స్ ఆక్రమిత ప్రాంతాలలోను ఈ ఆజ్ఞ అమలైంది.

ఆరేళ్ళ పిల్లవాడు అంటే మన ఊరి బడిలో ఒకటో తరగతి చదివే పిల్లవాడు. తన చొక్కా మీద ఆ గుడ్డ ఎందుకు ఉన్నదో అతనికి తెలియదు. తనతో నిన్నటివరకు ఆడుకున్నవారు ఇవాళ ఎందుకు దూరంగా నిలిచారో మాత్రం తెలుస్తుంది. జర్మనీలో నక్షత్రం ఆజ్ఞ అమలైన నెల తిరగకుండానే, 1941 అక్టోబరులో, యూదులను తూర్పు ప్రాంతాలకు రైళ్ళలో తరలించడం ప్రారంభమైంది. ఎవరిని ఎక్కించాలో కాగితం చెప్పింది. ఎవరూ తప్పించుకోకుండా నక్షత్రం కాపలా కాసింది.

కాగితం ఎంతటి పని చేయగలదో హాలెండ్ చరిత్ర చెబుతుంది. అక్కడి జనాభా రిజిస్టర్లు ఎంతో పద్ధతిగా, మతం వివరాలతో సహా ఉండేవి. 1941లో యూదుల నమోదు కూడా పూర్తయింది. సుమారు లక్షా నలభైవేల మంది యూదులలో లక్షమందికి పైగా హతులయ్యారు. రిజిస్టరే ప్రమాదమని గ్రహించిన కొందరు దేశభక్తులు, చిత్రకారుడు విల్లెం ఆరొండేయస్ వంటివారు, 1943 మార్చి 27న ఆమ్‌స్టర్‌డామ్‌లోని రిజిస్టర్ల కార్యాలయానికి నిప్పు పెట్టారు. కాలినది కొంత భాగమే. ఆరొండేయస్‌ను, అతని సహచరులు పలువురిని నాజీలు కాల్చి చంపారు. డెన్మార్క్‌లో మాత్రం నక్షత్రం ఆజ్ఞ ఎన్నడూ అమలు కాలేదు. 1943 అక్టోబరులో యూదులను బంధించబోతున్నారని తెలియగానే అక్కడి సామాన్య ప్రజలు, జాలరులు కలిసి ఏడువేల మందికి పైగా యూదులను పడవల మీద స్వీడన్‌కు చేర్చారు.

శరీరం మీది గుర్తు

నిర్బంధ శిబిరాలలో ఖైదీల దుస్తులకు రంగుల త్రికోణాలు కుట్టేవారు. రాజకీయ ఖైదీలకు ఎరుపు, నేరస్థులన్నవారికి ఆకుపచ్చ, 'సంఘానికి పనికిరానివారు' అన్న ముద్ర పడినవారికి నలుపు. యూదులకు పసుపు త్రికోణంతో కలిపి నక్షత్రం ఏర్పడేటట్లు కుట్టేవారు.

ఆష్విట్జ్ శిబిర సముదాయంలో గుర్తు చర్మం మీదికి ఎక్కింది. ఖైదీ ఎడమ ముంజేతి మీద అంకెలు పొడిచేవారు. మన తిరునాళ్ళలో ఇష్టమైనవారి పేరు పచ్చబొట్టు పొడిపించుకోవడం ఉంది. అది మనసు కోరిన గుర్తు. ఆష్విట్జ్ అంకె పేరును చెరిపివేసే గుర్తు. శిబిరానికి చేరిన వెంటనే విషవాయు గదులకు పంపినవారికి ఆ అంకె కూడా దక్కలేదు. వృద్ధులు, పసిపిల్లలు, పిల్లల తల్లులు వారిలో ఎక్కువ. 1945 నాటికి సుమారు అరవై లక్షల మంది యూదులు హతులయ్యారు. వారిలో పదిహేను లక్షల మంది పిల్లలని అంచనా.

ఆ శిబిరాలలోనే మరొక జనసమూహం కూడా నశించింది. వారు రోమాలు, లోకం జిప్సీలని పిలిచినవారు. వేయి సంవత్సరాల క్రితం భారతదేశం నుంచి వలసపోయినవారి సంతతి అని వారి భాష సాక్ష్యం చెబుతుంది. నాజీలు రాకముందే, 1899లో, జర్మనీలోని మ్యూనిక్ పోలీసులు వారి వివరాల కోసం ప్రత్యేక కార్యాలయం తెరిచారు. సంచారజీవనం కారణంగా వారిని పుట్టు నేరస్థులుగా చూశారు. తరువాత నాజీల చేతిలో హతులైన రోమాల సంఖ్య రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల వరకు ఉంటుందని చరిత్రకారుల అంచనా. నేరం చేసినవాడిని కాక, ఒక కులంలో పుట్టినవాడిని నేరస్థుడనే ఈ ఆలోచన అదే కాలంలో మన దేశంలోనూ చట్టమై ఉంది.

మన నేల మీద

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. నేతపని తండ్రి నుంచి కొడుకుకు వచ్చినట్లే దొంగతనం కూడా కులవృత్తిగా వస్తుందని అధికారులు వాదించారు. మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఒక తెగను 'నేరస్థ జాతి'గా ప్రభుత్వం ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదు. ఆ తెగవారి పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు. ఊరు కదలాలంటే ముందుగా తెలపాలి. నిర్ణయించిన వేళకు అధికారి ముందు హాజరు పలకాలి. తల్లిదండ్రుల నుంచి పిల్లలను వేరుచేసి ప్రత్యేక పాఠశాలల్లో ఉంచే అధికారం కూడా ప్రభుత్వానికి దక్కింది.

తెలుగు నేల మీద ఈ ముద్ర ప్రధానంగా ఎరుకలవారి మీద పడింది. 'ఎఱుక' అంటే జ్ఞానం, తెలివిడి. ఎరుక చెప్పే స్త్రీకి మన సాహిత్యంలో ఎంతో ఆదరం ఉంది. పద్మావతీ పరిణయ కథలో సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు అంతఃపురానికి వస్తాడు. యక్షగానాలలో ఎరుకత పాత్ర లేని ప్రదర్శన అరుదు. కథలో దేవుడు ధరించిన రూపం ప్రభుత్వ రిజిస్టరులో నేరస్థుని రూపమైంది.

ఎరుకలవారు బుట్టలల్లేవారు, సోది చెప్పేవారు, పచ్చబొట్లు పొడిచేవారు. గాడిదల మీద, ఎద్దుల మీద తీరప్రాంతపు ఉప్పును లోపలి ఊళ్ళకు చేర్చి, అక్కడి ధాన్యాన్ని తెచ్చేవారు. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో రైళ్ళు వచ్చి ఆ వర్తకాన్ని తన్నుకుపోయాయి. అడవి చట్టాలు వెదురును, మేతను దూరం చేశాయి. 1876-78 నాటి మహాక్షామం మిగిలినదాన్ని తుడిచిపెట్టింది. బ్రతుకుతెరువు పోయి తిరుగుతున్నవారిని ప్రభుత్వం అనుమానించింది. కొందరు దొంగతనాలు చేసి ఉండవచ్చు. చేసినవారిని శిక్షించడానికి సాధారణ చట్టాలు ఉండనే ఉన్నాయి. కొత్త చట్టం శిక్షించినది చేయనివారిని, ఇంకా పుట్టనివారిని.

బాపట్ల సమీపంలో 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఒక సెటిల్‌మెంట్ ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరిట అది స్టువర్టుపురమైంది. కావలి, సీతానగరం వంటి చోట్ల కూడా సెటిల్‌మెంట్లు వెలిశాయి. వాటిలో కొందరికి చదువు, సాగుభూమి, వైద్యం లభించిన మాట నిజమే. సెలవు చీటీ లేకుండా గడప దాటరాని జీవితంలో అవి లభించాయన్న మాట కూడా నిజమే. చీరాల పొగాకు కర్మాగారానికి కావలసిన కూలీలు కూడా స్టువర్టుపురం నుంచి వెళ్ళేవారు.

ఈ రెండు చరిత్రలు ఒకటి కావు. నాజీల గుర్తు ఒక జాతిని సమూలంగా హతమార్చడానికి దారితీసింది. నేరస్థ జాతుల చట్టం లక్ష్యం మనుషులను ఒకచోట కట్టిపడేసి అదుపులో ఉంచడం. ఈ తేడాను మరవడం ఆ మృతులకు అన్యాయం చేయడమే. అయినా మొదటి మెట్టు రెండింటికీ ఒక్కటే. మనిషి చేసిన పనిని కాక పుట్టుకను చూడడం, దానిని రిజిస్టరులో రాయడం, ఆ రాతను కాదనే హక్కు అతనికి లేకుండా చేయడం.

చట్టం పోయినా

మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఈ చట్టం రద్దయింది. విముక్త జాతులవారు నేటికీ ఆ రోజును విముక్తి దినంగా జరుపుకొంటారు. అయితే రాష్ట్రాలలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అటువంటి చట్టమే చేశారు. కాగితం మీది మాట మారినా మనుషుల నాలుక మీది మాట మారలేదు. స్టువర్టుపురం అనగానే దొంగలు అనే ఊహ పత్రికలలో, చలనచిత్రాలలో దశాబ్దాల పాటు నిలిచింది. ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగానికి వెళ్ళి ఊరి పేరు చెప్పుకోవడానికి జంకవలసి వచ్చింది.

ఆ జంకును పోగొట్టడానికి కృషి చేసినవారూ ఉన్నారు. మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో స్టువర్టుపురంలో సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. అస్పృశ్యత అనే ముద్రను అనుభవించి కవిత్వంతో ఎదిరించిన తండ్రి. మరొక ముద్రను తుడవడానికి పూనుకున్న కుమార్తె.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలను కొట్టివేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలని ఆదేశించింది. విముక్త జాతులవారిని పుట్టు నేరస్థులుగా చూసే ధోరణిని తప్పుపట్టింది. చట్టం రద్దయిన డెబ్బై రెండేళ్ళ తరువాత కూడా రిజిస్టరులోని ఒక గడి గురించి దేశపు అత్యున్నత న్యాయస్థానం మాట్లాడవలసి వచ్చింది. ముద్ర ఎంత గట్టిదో దీనిని బట్టి ఊహించవచ్చు.

గుర్తింపు ఎవరి మేలుకు?

అయితే ప్రభుత్వం మన వివరాలు రాసుకోవడమే తప్పా? కాదు. కళాశాలలో చేరేటప్పుడు మీలో చాలామంది కులధ్రువీకరణ పత్రం తెచ్చారు. విద్యార్థివేతనానికి, రిజర్వేషనుకు అది ఆధారం. ఎరుకలవారు నేడు షెడ్యూల్డు తెగగా రాజ్యాంగ రక్షణ పొందుతున్నదీ నమోదు వల్లనే. పూర్వం పెట్టిన ముద్ర వల్ల కలిగిన నష్టాన్ని పూడ్చడానికి కూడా గుర్తింపు కావాలి.

కాబట్టి ఎక్కడ గుర్తు కనిపించినా మనం కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఆ గుర్తు మనిషి చేసిన పనిని బట్టి పెట్టారా, పుట్టుకను బట్టి పెట్టారా? అది అతనికి ఏదైనా ఇస్తున్నదా, అతని నుంచి లాక్కుంటున్నదా? అందులో తప్పుంటే సరిదిద్దమని అడిగే హక్కు, వినే న్యాయస్థానం ఉన్నాయా? ఆ వివరాలు ఎవరి చేతిలో ఉన్నాయి, రేపు ఎవరి చేతికి పోవచ్చు? హాలెండ్‌లో మతం వివరాలు రాసిన గుమస్తాలకు ద్వేషం లేదు. వారు పద్ధతిగా రాసిన రిజిస్టరు ద్వేషం గలవాడి చేతిలో పడింది.

ఈ ప్రశ్నలు ప్రభుత్వాలకే కాదు, మనకూ వర్తిస్తాయి. తరగతిలో కొత్తగా చేరిన విద్యార్థి ఇంటిపేరు, వాడపేరు వినగానే మన మనసులో ఏదో ఒక గడి నిండుతుంది. ఆ గడిలో మనం ఏమి రాస్తున్నామో గమనించాలి. అతడు ఇంకా నోరు తెరవకముందే అతడు ఎటువంటివాడో మనం నిర్ణయించేసుకుంటే, రిజిస్టరు లేకుండానే ఆ ముద్ర పడినట్లే.